బూడిద దేశంలో రేవు మనిషి

పెళ్ళి చేసుకోవాలని నేను అనుకున్న మనిషిని గవ్వలేసి గెలిచాను. గెలిచిన పూటే ఆమె లేచి వెళ్ళిపోయింది. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి. అందుకని వాటిని పొదుపుగా వాడతాను, చుట్టుతిప్పి చెప్పడం నాకు రాదు. కానీ ఆ దేశం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి నా మాట వినదు. దాని దారిన అది పోతుంది. పోనివ్వండి.

దేశం అన్నానని ఏ పటంలోనూ వెతక్కండి. అది బూడిదలో ఉండేది.

ఒడియా సరిహద్దున గిరిసోల ఊరికీ సముద్రానికీ నడుమ ఇసక నేలల్లో, పొలం గట్ల పొడుగునా మొగలి పొదలు. వానలు దిగితే పూస్తాయి. తెల్లవారగానే కోసి, ఎండ ఎక్కకముందే బట్టీకి చేర్చాలి. అక్కడ పెద్ద రాగి బానలో నీళ్ళు పోసి, పువ్వు వేసి, మూత పెట్టి, మూత చుట్టూ బంకమట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి పోయి, నీళ్ళ తొట్టెలో ముంచిన చెంబులో చల్లబడి అత్తరై దిగుతుంది. బట్టీ ఎక్కడో ఉత్తరాది సేఠుది. మంట నాది. అది పెరగకూడదు, తగ్గకూడదు. అంటే మనిషి దాని ముందు కదలకుండా కూర్చోవాలి, చెయ్యడానికేమీ లేకుండా కూర్చోవాలి. బయట సన్నగా వాన. లోపల ఆ వాసన. మొగలి వాసన మొదటిరోజు బాగుంటుంది, మూడోరోజు తలనొప్పి తెస్తుంది, ఆ తర్వాత వాసన అని తెలియదు. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ చూసేది మాత్రం ఇక్కడిది కాదు.

ఆ కూర్చునే పనిలో పుట్టింది మా ఆట. దానికి పేరు లేదు. "కూకుందావా" అంటే ఆట అని అర్థం.

ఆటకు పెద్ద మా బట్టీ పెద్దే. ముసలాయన. నేను ఆయన్ని మావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు, పిలిచి పిలిచి తెచ్చుకోవాలని ఉండేది. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది. పొయ్యిలో తీసిన బూడిద చల్లారాక ఆయన నేల మీద పోసి అరచేత్తో పరిచేవాడు. పుల్లతో గీతలు గీసేవాడు. ఇది వాగు, ఇది గట్టు, ఇది ఊరు. గీతల లోపల ఏముందో, ఎవరెదురొస్తారో నోటితో చెప్పేవాడు. మేం ఒక్కొక్కరం ఒక గింజ అందులో పెట్టేవాళ్ళం. ఆ గింజ మన మనిషి. నాది చింతగింజ, ఉప్పు మూట మోసుకు తిరిగే బేరగాడు. పువ్వు తోలుకొచ్చే ఒడియా బండివాడు ఒకడు ఉండేవాడు, వాడిది తాటి టెంక ముక్క. ఏ వేషమైనా కట్టుకోవచ్చురా, రాజువి కమ్మన్నా అవుతావు అంటే వాడు ఎద్దునే అవుతానన్నాడు. మాట్లాడే ఎద్దు. ఇక్కడ తోలేది వాడు, అక్కడ ఎక్కేది వాడు. "అక్కడ మో బళద బండిలో కూర్చుంటాడు భాయి, దొర లాగుతాడు," అనేవాడు, తనలో తాను నవ్వుకుంటూ. మో బళద అంటే వాడి భాషలో నా ఎద్దు.

నా మనిషి గట్టెక్కి చూస్తాడు అంటే ఏం కనబడుతుందో ముసలాయన చెప్పాలి. గట్టెక్కడానికి గవ్వలు అక్కర్లేదు, కాళ్ళున్నాయి కదా. అవుతుందో కాదో అని అనుమానం ఉన్న పనికే గవ్వలు. నాలుగు గవ్వలు దులిపి వేస్తే, నోరు పైకి పడినది అడ్డు చెప్పినట్టు, బోర్లా పడినది ఒప్పుకున్నట్టు. చెరి సగమైతే పని అవుతుంది గానీ ఏదో ఒకటి పోతుంది. తలగుడ్డో, తెచ్చుకున్న దారో. నాలుగూ బోర్లా పడితే దేశమంతా ఒప్పుకున్నట్టు, దానికి ఇక తిరుగులేదు.

నీ మనిషి అబద్ధం ఆడొచ్చు, నువ్వు ఆడకూడదు. ఇది ఇంకో నియమం. నాకు ఇది దెబ్బ తగిలాక గానీ ఎక్కలేదు. ఒకసారి నా బేరగాడు గోతిలో పడ్డాడు. మూటలోంచి తాడు తీస్తున్నానన్నాను.

"తాడెప్పుడెట్టినావురా మూటలో?" అన్నాడు ముసలాయన.

"ముందే ఎట్టినాను మావా."

"సెప్పలేదే."

"నువ్వడగలేదు."

ఆయన పొయ్యిలోకి ఒక చితుకు తోసి, నింపాదిగా అన్నాడు. "అలాగే. తాడు ఉంది. నీ సెయ్యి దాని మీదే ఉంది. అది కదల్తంది."

బండివాడు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ పాము చేతిలోంచి బయటపడడానికి నాకు ఆ మధ్యాహ్నమంతా పట్టింది.

సాయంత్రం బానలు దించేటప్పుడు బూడిదను ఊడ్చేసేవాళ్ళం. మర్నాడు జ్ఞాపకం మీద మళ్ళీ గీయాలి. "కొండ నిన్న ఎడమ పక్కనుంది మావా" అని నేనంటే, "రాత్రి దేశం పక్కకి తిరిగి తొంగుంది" అనేవాడు. కాదని ఎవరైనా గట్టిగా అంటే గవ్వలు. అట్లా ఒకసారి ఒక ఊరే పోయింది. ఎవరికీ అది ఎక్కడుందో గుర్తులేదు. అందులో నా బాకీదారు ఒకడు ఉండేవాడు, పోతే పోయిందని ఊరుకున్నాను.

ఆ దేశంలో సూర్యుడు లేడు. ఆకాశం ఎప్పుడూ మొగలి రేకు లోపలి రంగులో ఉంటుంది, అది తెలుపు కాదు, పసుపు కాదు. నేల నుంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది కాబట్టి మొహాలు సరిగా ఆనవు. ఎవరి వాసనను బట్టి వాళ్ళు. పేర్లు లేవు, వాసనే పేరు. దొరలు పాములు. పన్ను నిద్రలో కట్టాలి, మనిషికో కల. కల రానివాడు పొదల వైపు పోకూడదు. దేవుడి ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పి పూజకు కాకుండా పోయింది మొగలి పువ్వు అంటారు కదా, అట్లా వెలివేసిన పువ్వు వెళ్ళి కాపురం పెట్టిన చోటు అదేనని ముసలాయన చెప్పేవాడు. అందుకే అక్కడ నిజం అనేదానికి గిరాకీ. ఒక వాగుంది. దాని నీళ్ళు కొండ నుంచి దిగి, కాసేపు నిలబడి, మళ్ళీ కొండకు ఎక్కుతాయి. పడవ నిలవదు. రేవులో ఒక మనిషి ఉంటాడు. ఎత్తరి, గడ్డం ఉన్నవాడు. దాటేవాళ్ళని భుజం మీద ఎత్తుకుని అవతల దించుతాడు. సుంకం ఒక్కటే. అంతకుముందు ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్పాలి.

ఆ గడ్డం మనిషి ఆమె.

ఆమె ముసలాయనకు తమ్ముడి కూతురు. తండ్రి లేడు. పొద్దున్నే దోటితో పువ్వు కోసి తెచ్చేది, మధ్యాహ్నం పెదనాన్నకు గంజి తెచ్చేది, గిన్నె ఖాళీ అయినా వెంటనే లేచేది కాదు. ఒకరోజు గట్టు మీద దొరికిన గచ్చకాయ ఒకటి బూడిదలో పెట్టి, "ఈడు రేవు దాటించేవోడు" అంది. అంతే. ఎవరూ ఎదురు చెప్పలేదు. చిన్నప్పుడే ఆమెకు పెళ్ళి చేశారు. ఆ మొగుడు అస్సాం తోటలకు పోయి అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడు. కులపెద్దలు కూర్చుని విడుపు ఇచ్చారు. మాలో మారుమనువు తప్పు కాదు. మనువు కుదిర్చేది కూడా పెద్దలే, ఈ పక్క పెద్దలు ఆ పక్క పెద్దల్ని అడుగుతారు. ఆడమనిషిని అడగడమనేది మధ్యలో ఎక్కడా రాదు.

నాకు ఆమె కావాలి. దాచడానికేముంది. సెంటు భూమి లేదు, నా తరఫున వెళ్ళి అడగడానికి పెద్దలూ లేరు. మొహం చూస్తే పిల్లనిచ్చే మొహం కాదు. ఇక్కడ ఆమెతో మాట్లాడితే పదిమంది చూస్తారు. అక్కడ మాత్రం ఉప్పు బేరగాడు రేవు దాటుతానంటే ఎవరు కాదంటారు? అందుకని నా బేరగాడికి అవతలి గట్టున ఎప్పుడూ పని ఉండేది.

"సుంకం," అనేది ఆమె, గొంతు కొంచెం బరువు చేసి.

"నాకు ఈత రాదు."

"సముద్రం పక్కన పుట్టి?"

"అందుకే ఎవలికీ సెప్పలేదు."

"ఎక్కు. సెవులట్టుకోకు, జుట్టట్టుకో." నీళ్ళు మోకాలికి వచ్చాయి, తొడకు వచ్చాయి, అడుగున ఇసక జారుతోంది అని మెల్లగా చెప్పేది. కళ్ళు మూసుకుని చెప్పేది. ఆ చెప్పడంలో నాకు నిజంగానే కాళ్ళ కింద నేల లేనట్టు, తడి భుజం ఒకటి నన్ను మోస్తున్నట్టు ఉండేది. వాన పాక మీద పడుతున్న చప్పుడు నీళ్ళ చప్పుడయ్యేది. ఆవలి గట్టున దించేటప్పుడు, "బరువెక్కినావు. మూటలో ఉప్పేనా, ఇంకేటైనా ఉందా?" అనేది. నేను రాత్రి పాకలో పడుకుని ఆ మాట తిప్పి తిప్పి చూసుకునేవాణ్ణి.

ఇట్లా వానాకాలం సగం పోయింది. పువ్వు తగ్గుముఖం పట్టింది. పువ్వు అయిపోతే బట్టీ ఆరిపోతుంది, ఆమె కోతల కూలీకి పురుషోత్తంపూర్ వైపు వెళ్ళిపోతుంది, అక్కడ ఎవరో ఒక పెద్ద ఆమెను ఎవరికో ఒకరికి కుదిర్చేస్తాడు. నాకు ఆ తొందర పట్టుకుంది. ఒక మబ్బు మధ్యాహ్నం నా బేరగాణ్ణి రేవులో నిలబెట్టాను.

"సుంకం."

"నాకు అవతల పనేటీ లేదు. ఎప్పుడూ లేదు. రేవు కోసమే వస్తన్నాను."

బండివాడు "అరె భాయి" అని ఈల వేశాడు. ఆమె నన్ను చూడలేదు. బూడిదలో గచ్చకాయ మీదే వేలుంచి, "ఎక్కు" అంది. తర్వాత, "నడి నీటికొచ్చినాను. ఆగినాను. నీళ్ళు గుండెదాకా ఉన్నాయి," అంది. ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచింది.

అక్కడ ముసలాయన ఆగలేకపోయాడు. ఆయన మంచికే అనుకున్నాడు. తమ్ముడి కూతురికి ఒక నీడ దొరుకుతోందని సంబరం. "అక్కడే ఒక మడుగుంది," అన్నాడు పుల్లతో వాగు నడుమ చిన్న గుండ్రం గీస్తూ. "దేవతల మడుగు. అందులో మునిగినోడు మగోడైతే ఆడదై లేస్తాడు. రేవు మనిషి కాలు జారినాడు, మునిగినాడు. లేసినాడు. ఆడది. సక్కని సుక్క. ఉప్పోడా, ఇంకేటి సూస్తన్నావు? నిన్ను మనువాడతాదా లేదా, ఎయ్యి గవ్వలు."

నేను వేశాను. ఆడేవాడి చేతిలో గవ్వలు పెడితే వేస్తాడు. అప్పటికి అడ్డు చెప్పే నియమం ఏదీ లేదు.

నాలుగూ బోర్లా పడ్డాయి.

"దేశమంతా ఒప్పుకుంది," అన్నాడు ముసలాయన. బండివాడు బాన మూత మీద పుల్లతో డప్పు మొదలుపెట్టాడు. నేను నవ్వుతున్నాను. ఆమె ఆ గవ్వలకేసి చూస్తోంది.

"నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టా, పెదనాన్నా?"

"ఆటేనే."

"నాను ఒక్క మాటన్నానా?"

"గవ్వలన్నాయి గదే."

ఆమె గచ్చకాయ తీసి బూడిద తుడిచి, కొంగున ముడేసుకుంది. గంజి గిన్నె తీసుకుంది. వానలోనే వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. మనిషి చనిపోతే గింజను పొయ్యిలో వేస్తాం, దేశం సాగుతుంది. బతికున్న మనిషి గింజను ఎవరైనా ఆట మధ్యలో తీసుకుపోతే మాత్రం దేశం ఆగిపోతుంది. నీరు ఎక్కదు, దిగదు. ఎవరూ అడుగు వెయ్యకూడదు. మర్నాడు ముసలాయన బూడిద పరిచి గీతలు గీశాడు. ఉప్పోడు నడి నీటిలో ఉన్నాడు, ఎవరి భుజం మీద ఉన్నాడో ఆ భుజం లేదు. పడడానికీ లేదు, దాటడానికీ లేదు. మేం ముగ్గురం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

ఆమె పువ్వు తెస్తోంది, బండిలో వేసి పోతోంది. గంజి ఇంకెవరి చేతో పంపుతోంది.

"మో బళద అక్కడ నిలబడి ఉంది," అన్నాడు బండివాడు ఒకరోజు. "గడ్డి లేదు. రాత్రి కలలోకొచ్చి తిట్టింది."

"ఏటని?" అన్నాను.

"పెళ్ళి నీకు, పస్తు నాకా అని."

ముసలాయన నవ్వలేదు. "ఎంత సేపని అలుగుతాది. ఆడపిల్లలు అలుగుతారు," అన్నాడు. నాకేసి తిరిగి, "ఇక్కడ కూడా ఆ మాట అనీసుకుందావా? నాను ఊఁ అంటే అయిపోద్ది. నానే గదా పెద్దని," అన్నాడు.

నేను ఎన్నాళ్ళగానో ఎదురుచూసిన మాట అది. నాకు కావలసింది చేతిలో పెడుతున్నాడు. ఊఁ అనాలి, అంతే. కానీ ఎదురుగా బూడిదలో నా చింతగింజ గాలిలో వేలాడుతున్నట్టుంది. ఇక్కడ కూడా ఆయన ఊఁ అంటే ఆమె నా ఇంటికి వస్తుంది, నా పొయ్యి వెలిగిస్తుంది, నాలుగు గవ్వలూ బోర్లా పడి ఉంటాయి. జీవితమంతా అట్లాగే పడి ఉంటాయి.

"వొద్దు మావా. మంట సూడు, ఇప్పుడే వస్తాను," అన్నాను.

ఆ గంటలో మంట పెరిగి పువ్వు మాడిందో తగ్గి చల్లారిందో నాకు తెలియదు. గట్టు వెంబడి పోయాను. మబ్బు కిందికి దిగి ఉంది. మొగలి ఆకుల అంచుల ముళ్ళ మీద వాన బొట్లు నిలబడి ఉన్నాయి. పొదల్లోంచి ఆవిరి లేస్తోంది. ఏ దేశంలో ఉన్నానో కాసేపు నాకు తెలియలేదు. ఆమె పొద్దున వదిలేసిన పువ్వు ఏదో దోటితో లాగుతోంది.

"ఏటి, దారి తప్పినావా?" అంది చూడకుండానే.

"లేదు. నిన్ను అడగడానికొచ్చినాను."

"అడిగినారు గదా. గవ్వలు సెప్పినాయి."

"గవ్వల్ని అడిగినాం. నిన్ను అడగలేదు. నన్ను సేసుకుంటావా?"

దోటి కొక్కెం పువ్వు తొడిమకు తగిలించి, లాగకుండా ఆగింది. "ఇక్కడా? అక్కడా?"

"తేడా ఏటి?"

"తేడా తెల్దంటే ఎల్లిపో."

నేను వెళ్ళలేదు. తేడా తెలియదని చెప్పి నిలబడ్డాను. అప్పుడు దోటి కిందపెట్టింది.

"ఇక్కడ నాకు మొగుడు కావాల. ఇల్లు కావాల, పిల్లలు కావాల. నువ్వు పరవాలేదు. మంట సూసినోడివి గదా, ఎగిరిపడవు. అక్కడ నాకెవలూ వొద్దు. అక్కడ నాను ఎవలి కూతుర్నీ కాను. నడి నీటిలో ఒకలిని బుజమ్మీద ఎట్టుకుని నిలబడితే ఎలాగుంటాదో నీకు తెల్దు. పుట్టిన కాణ్ణుంచీ నన్నే ఎవలో ఒకలు ఎత్తి ఇంకో సోట దించీసినారు. పెదనాన్న ఒకపాలి దించినాడు. మొన్న మళ్ళీ దించబోయినాడు, అదీ నా సొంత రేవులో."

"ఆ రోజు నడి నీటిలో ఏదో అనబోయినావు."

"అనబోయినాను. అననియ్యలేదు. ఇప్పుడు అనను."

"మరి అక్కడ నేనెవలు?"

"ఉప్పోడివి. సుంకం కట్టి దాటుతావు."

"ఎన్నాళ్ళు?"

"దేశం ఉన్నన్నాళ్ళు. ఇక్కడ పెళ్ళాన్నని అక్కడ దారి వదలను. సుంకం తగ్గించను. రాత్రి పక్కన తొంగుని, రేపు నన్ను ఊరికే దాటించు అంటే గెంటీస్తాను."

మొగవాణ్ణి, నాకు అది మింగుడు పడలేదు. సగం ఇస్తానన్నట్టు వినబడింది. వానలో నిలబడి లెక్కవేసుకున్నాను. ఆమె నాకు ఏది ఇవ్వనంటోందో అది ఆమెకు ఉన్న ఒకే ఒక్క సొంత వస్తువు. అది కూడా తీసుకుంటే నా ఇంటికి వచ్చేది ఎవరు?

"సరే," అన్నాను.

"ఇక్కడ సరే అంటే సాలదు. బూడిద ముందు అను. పెదనాన్న ఇనాల."

ఇద్దరం ముందూ వెనకా నడిచి బట్టీకి వచ్చాం. బండివాడు ఎద్దుల్ని విప్పబోయి మానేశాడు. ఆమె కూర్చుని, కొంగు విప్పి, గచ్చకాయను సరిగ్గా నా చింతగింజ కింద పెట్టింది.

"మునిగినాడు, లేసినాడు. గడ్డం తడిసింది. అంతే. ఆ మడుగు నీళ్ళు నా మనిషికి పట్టనేదు," అంది.

"నాలుగూ బోర్లా పడినాయి గదే. తిరుగులేదనే గదా ఆట," అన్నాడు ముసలాయన.

"మావా, ఆ గవ్వలేసినోణ్ణి నేను," అన్నాను. "ఎత్తీసుకుంటన్నాను. ఎవలి మనిషి మనసు మీద ఇంకొకలు గవ్వలెయ్యకూడదు. అక్కడ ఈ మనిషి నాకు ఏటీ కాడు. సుంకం కట్టి దాటుతాను, ఎప్పటికీ."

ముసలాయన పొయ్యి వైపు తిరిగి చాలాసేపు చితుకులు సర్దాడు. సర్దాల్సింది ఏమీ లేదు, మంట బాగానే ఉంది. పొగకో దేనికో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పుల్ల తీసుకుని, వాగు నడుమ గీసిన గుండ్రాన్ని చెరిపేశాడు.

"కొండ నాది. నీరు నాది. పాములు నావి," అన్నాడు. "మనుసులు నావి కారు. ఇకనించి అదే ఆట." ఆమె వైపు చూడకుండా, గొంతు తగ్గించి, "ఆ మొదటిపాలి కూడా నిన్నడగలేదు గదే," అన్నాడు.

"లేదు, పెదనాన్నా."

"ఊఁ."

బండివాడికి ఈ గొడవ సగమే అర్థమైంది. "అక్కడ సంగతి ఠిక్ అఛి. ఇక్కడ సంగతేటి?" అన్నాడు.

"ఇక్కడ సేసుకుంటాను," అంది ఆమె, రేపు వాన రావచ్చు అన్నట్టుగా. తర్వాత కళ్ళు మూసుకుని, "నడిసినాను. నీళ్ళు నడుముకొచ్చినాయి. మోకాలికొచ్చినాయి. ఉప్పోడా, దిగు," అంది.

నా బేరగాడు దిగాడు. రేవు మనిషి వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. ఇక్కడ మాత్రం ఆమె గంజి గిన్నె నా వైపు జరిపింది. ఆ రోజు గంజి ఆమె తేలేదు, వేరేవాళ్ళ గిన్నె అది, చల్లారిపోయింది కూడా. తాగాను.

ఈమధ్య లంజిపల్లిలో మా మనవరాలు, దాని స్నేహితురాళ్ళు ఇట్లాంటి ఆటే ఆడుతుంటే చూశాను. బల్ల చుట్టూ కూర్చుంటారు. పాచికలకు బోలెడు ముఖాలు. మనిషికో వేషం, ఒకతి దారి చెప్తుంది. నియమాలకు ఇటుకంత పుస్తకం ఉంది. పక్కన కూర్చుని ఒక్కటే అడిగాను, ఎదుటివాళ్ళ మనిషి మనసు మీద పాచిక వెయ్యచ్చా అని. పుస్తకం తిరగేసింది. "ఇందులో సరిగ్గా లేదు తాతా, ఆడేవాళ్ళే ముందు కూర్చుని అనుకోవాలి," అంది. మేమూ అట్లాగే అనుకున్నాం, కాకపోతే కొంచెం ఆలస్యంగా. మళ్ళీ ఆటలో పడిపోయింది. బాగా ఆడుతోంది, కళ్ళు మూసుకుని చెప్తోంది.

ముసలాయన పోయాడు. బండివాడూ పోయాడు. వాడి టెంక ముక్కను వాడి ఇంటివాళ్ళని అడిగి తెచ్చి పొయ్యిలో వేశాం, ఎద్దు కోసం ఆమె ఒక పూట ఏడ్చింది. బట్టీ పని మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు గ్యాసు పొయ్యి, బూడిద రాదు. పీట మీద బియ్యప్పిండి పరుస్తాం. దేశం మునుపటికంటే తెల్లగా అయింది, మంచు పడినట్టు. ఇద్దరమే కాబట్టి రోజుకొకరం దారి చెప్తాం. నేను చెప్పే రోజున కొండలు, పాములు నావి. రేవు మనిషి మాత్రం ఆమెదే. ఆ మనిషికి వయసు మీద పడలేదు. గడ్డం ఇంకా నల్లగానే ఉందట.

ఈ ఇంట్లో ఆమెవి నాకు తెలియనివి తక్కువ. ఏ మబ్బుకు ఏ మోకాలు నొప్పి పెడుతుందో తెలుసు. ఎవరి మీద కోపంతో పులుసులో ఉప్పెక్కువేసిందో తెలుసు. అక్కడ మాత్రం రేవుకు అవతల, గట్టు మీద ఆ మనిషికొక గుడిసె ఉంది. మొగలాకు చాప ఒకటి తలుపుకు వేలాడుతుంది. చాప అవతల ఏముందో ఇన్నేళ్ళలో నేను చూడలేదు. మొదట్లో అడిగేవాణ్ణి. "ఉప్పోడికి నా ఇంట్లో పనేటి?" అనేది. తర్వాత అడగడం మానేశాను.

మొన్న వాన పట్టిన మధ్యాహ్నం పిండి పరిచాం. నన్ను మోసి అవతల దించాక, "సాప కొంచెం కదిలింది," అంది ఆమె, కళ్ళు మూసుకునే.

"గాలికా?" అన్నాను.

ఆమె గవ్వలు తియ్యలేదు. అవి ఆమె మోకాలి దగ్గరే ఉన్నాయి. నేనూ వాటిని ముట్టుకోలేదు. నా బేరగాడు మూట దించి, చాప వైపు తిరిగి గట్టు మీద కూర్చున్నాడు.